చాంబర్ బిగువు

తిరుపతి, చిత్తూరు కాలేజీల్లో ఎన్‌సీసీలో చేరిన పిల్లలు కాల్చడం నేర్చుకునేది ఎక్కువగా పాయింట్ 22 రైఫిల్‌తోనే. ఫైరింగ్ రోజు అందరి చూపూ టార్గెట్ మీదే ఉంటుంది. అసలు పనితనం మాత్రం బ్యారెల్ వెనక కొసన, రౌండ్ కూర్చునే చాంబర్‌లో ఉంది.

ముందు రౌండ్ సంగతి. పాయింట్ 22 లాంగ్ రైఫిల్ రౌండ్ మొత్తం పొడవు 25.4 మిల్లీమీటర్లు, అందులో కేస్ 15.6. సీసపు బుల్లెట్ దాదాపు కేస్ అంత లావే ఉంటుంది. చాలా రకాల్లో పైన పల్చగా మైనం పూత. నిప్పు పుట్టించే మందు కేస్ అడుగంచులో దాగి ఉంటుంది. రౌండ్ మరీ లోపలికి పోకుండా ఆపేదీ ఆ అంచే.

స్పోర్టింగ్ చాంబర్‌ను కాస్త వదులుగా తొలుస్తారు. ఏ కంపెనీ రౌండైనా జారి కూర్చుంటుంది, కొంత మసి పట్టినా సర్దుకుంటుంది. మ్యాచ్ చాంబర్ అలా కాదు. బోల్ట్ మూసేసరికే బుల్లెట్ రైఫ్లింగ్ గాడుల్లోకి దిగి, బ్యారెల్‌కు సరిగ్గా నడిమధ్యన నిలుస్తుంది. పేలకముందే దాని దారి ఖాయమైపోతుంది. కాల్చని రౌండ్‌ను వెనక్కి తీస్తే మెత్తటి సీసం మీద గాడుల అచ్చు సన్నటి గీతలుగా కనిపిస్తుంది. ఒక్కోసారి బుల్లెట్ బ్యారెల్‌లోనే ఉండిపోయి, కేస్‌లోని తుపాకి మందంతా ఒలికిపోతుంది. అంత బిగువులో ఉన్న చిక్కు అది.

చేత్తో తిప్పి మూసే బోల్ట్‌కు ఈ బిగువు లెక్క కాదు. పిడి కిందికి వంచేటప్పుడు ఏటవాలు అంచు రౌండ్‌ను గట్టిగా ముందుకు నెడుతుంది. సెమీ ఆటోమేటిక్‌లో ఆ పని స్ప్రింగ్‌ది, దానికి వదులు చాంబరే నయం. హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో పోటీపడిన 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చే) పోటీలో పదో వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లే. అలాంటి గురికి మ్యాచ్ చాంబరే కావాలి.

బిగువు చాంబర్‌కు శుభ్రత మీద పట్టింపూ ఎక్కువే. మసి, మైనం, సీసం కలిసి కేస్ మూతి ముందు గట్టి ఉంగరంలా పేరుకుంటాయి. వదులు చాంబర్‌లో అది చాలాసేపు అడ్డం రాదు. మ్యాచ్ చాంబర్‌లో బోల్ట్ బరువెక్కినట్టు చెయ్యి ముందే పసిగడుతుంది. మన ఎండకు మైనం మెత్తబడితే దుమ్ము కూడా అంటుకుంటుంది. బోల్ట్ తీసేసి, రాడ్‌ను వెనకనుంచే పంపాలి. బ్యారెల్ మూతి దగ్గర గీత పడితే గురి పోతుంది.

పాయింట్ 22 షార్ట్ రౌండ్లు కాల్చిన చాంబర్‌లో ఈ ఉంగరం ఇంకా వెనక్కి కడుతుంది, ఎందుకంటే వాటి కేస్ 10.7 మిల్లీమీటర్లే. ఆ పైన లాంగ్ రైఫిల్ కేస్ పెడితే సరిగ్గా అక్కడే ఇరుక్కుంటుంది. కంచు బ్రష్‌ను ఆ చోటే నాలుగైదుసార్లు తిప్పి, పొడిగుడ్డతో తుడిచి, లైటు వేసి చూశాకే మళ్ళీ రౌండ్ పెట్టాలి.