సిగ్గుచేటు - నాచికెగేడు

బెంగళూరులోని మన తెలుగిండ్లలో పిల్లలు కన్నడము కలిపి మాటలాడినపుడు, పెద్దలు "సిగ్గుచేటు" అని మందలించుట కద్దు. ఆ పదమునే ఒకింత విడదీసి చూతము.

'చెడు' ధాతువునుండి పుట్టిన 'చేటు'నకు నాశమని యర్థము. కావున సిగ్గు చెడుటయే సిగ్గుచేటు. సిగ్గుమాలిన, సిగ్గువిడిచిన, సిగ్గులేని అను పలుకుబడులును ఇట్టివే. నింద సిగ్గునకు గాదు, దానిని పోగొట్టుకొన్నవానికి. భరతుడు వ్రీడను 33 సంచారిభావములలో నొకటిగా లెక్కించెను. మన పలుకుబడి సిగ్గును కాపాడుకొనవలసిన సొత్తుగా నెంచినది.

కన్నడిగులు ఇదే భావమును 'నాచికెగేడు' అందురు. నాచికె యనగా సిగ్గు. 'గేడు' సమాసమున మారిన 'కేడు'. అది మన చేటే. ఇ, ఎ లకు ముందున్న ప్రాచీన కకారము తెలుగున చకారమైనది. కన్నడ 'కివి' మనకు 'చెవి'. 'కెడు' మనకు 'చెడు'. 'సిగ్గు' శబ్దము సైతము పాతకన్నడమున కలదు. ఇట్టి జ్ఞాతిపదములను బరో, ఎమెనో పండితులు 1961లో తమ ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువున ఒకచోట కూర్చిరి.

కావున మనము మందలించు మాటయే రెండుభాషల చుట్టరికమునకు సాక్ష్యము. పొరుగుమాట నోట దొరలినంత మాత్రాన పిల్లల సిగ్గు చెడదు. మన మందలింపునకు వెరచి వారు ఇంట తెలుగు పలుకుటయే మానినచో, ఆ పదము అప్పుడు మనకే చెల్లును.