క్లోమం మాట ఎత్తరేం?

సీలియాక్ వ్యాధి గురించి మన పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు ఒకే మూసలో నడుస్తాయి. గోధుమ, బార్లీ వంటి ధాన్యాల్లోని గ్లూటెన్ పడనివారిలో శరీర రక్షణ వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. ఆంత్రచూషకాలు చదునై తిన్నది ఒంటబట్టదు. ఆ ధాన్యాలు మానేస్తే నయం. కథ అక్కడితో సమాప్తం. అటువంటి వ్యాసాలు నేనూ కొన్ని అనువదించాను కనుక ఈ విమర్శలో నాకూ వాటా ఉంది.

వీటిలో అబద్ధం లేదు. గోధుమకూ ఈ వ్యాధికీ ఉన్న సంబంధాన్ని డచ్ పిల్లల వైద్యుడు విలెమ్ డిక్కె 1950 నాటి తన సిద్ధాంత గ్రంథంలో చూపించాడు. మరి లోపమెక్కడ? గోధుమ మానేసినా విరేచనాలు తగ్గనివారి గురించి ఈ వ్యాసాలు మాట్లాడవు. దాంతో ఇంట్లోవాళ్లు "చాటుగా చపాతీ తిని ఉంటావు" అని రోగినే నిలదీస్తారు. తెలియకుండా గ్లూటెన్ కడుపులోకి పోతోందేమో మొదట చూడవలసిందే. కాని కారణం అదొక్కటే కాదు.

పేగూ క్లోమమూ వేటికవి విడిగా పనిచేయవు. కొవ్వు, మాంసకృత్తులు చిన్నపేగు మొదటి భాగానికి చేరగానే అక్కడి గోడలోని కణాలు కోలిసిస్టోకైనిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. ఆ కబురు అందితేనే క్లోమం ఎంజైములను ధారాళంగా స్రవిస్తుంది. గోడ చెడితే కబురు సరిగా వెళ్లదు. అప్పుడు క్లోమం, తనకు జబ్బు లేకపోయినా, చాలినంత పని చేయదు. కొవ్వు అరగక మలంతో పోతుంది.

ఇది ఊహ కాదు. ఇంగ్లండులోని షెఫీల్డ్ వైద్యులు 2007లో ప్రచురించిన పరిశీలనలో, విరేచనాలు తగ్గని 66 మంది సీలియాక్ రోగుల్లో 20 మందికి మలంలో ఎలాస్టేజ్ అనే క్లోమ ఎంజైము తక్కువగా ఉంది. బయటినుంచి ఎంజైములు ఇచ్చాక వారిలో ఎక్కువమందికి గుణం కనిపించింది. పేగు కోలుకున్నాక కొందరికి ఆ మందు అవసరమే ఉండదు.

అయితే ఈ పరీక్షనూ గుడ్డిగా నమ్మరాదు. ఎలాస్టేజ్ గ్రాము మలానికి 200 మైక్రోగ్రాములకు తగ్గితే క్లోమాన్ని అనుమానిస్తారు. కాని నీళ్ల విరేచనమైతే ఎంజైము పలచబడి, లేని లోపం ఉన్నట్టు కనిపించవచ్చు. ఫలితాన్ని తేల్చవలసింది వైద్యుడే.

ఇకమీదట సీలియాక్ గురించి ఏ వ్యాసం చదివినా, గోధుమ మానేసినా తగ్గకపోతే ఏం చేయాలో అందులో ఉందేమో వెతకండి. లేకపోతే సంపాదకుడికి ఒక కార్డు ముక్క రాయండి. పథ్యం నిష్ఠగా పాటిస్తున్న మనిషిని అబద్ధాలకోరుగా నిలబెట్టే అసంపూర్ణ జ్ఞానం మనకెందుకు?