మే నెలను గెలిచిన పూలు

మల్లెపాదు బాగా తెలిసినవాళ్ళ పెరట్లోకి డిసెంబరులో వెళితే కొత్తవాళ్ళు కంగారు పడతారు. పాదుకు నీళ్ళు మానేసి వారాలవుతుంది. కొమ్మలు మోకాలెత్తుకు కోసి, మిగిలిన ఆకు కూడా దూసేసి, మొదలు చుట్టూ మట్టి తవ్వి ఎండకు వదిలేసి ఉంటుంది. చూడటానికి చచ్చిన పొదే. సంక్రాంతి అటూ ఇటూగా ఆ తవ్విన పాదులో తట్టెడు చివికిన పశువుల ఎరువు వేసి, మట్టి కప్పి, నిండా తడి ఇస్తారు. కొద్ది రోజులకే కణుపు కణుపునా చిగురు పొడుచుకొస్తుంది. మల్లె మొగ్గ తొడిగేది కొత్త చిగుళ్ళకే కాబట్టి చిగురు ఎంత ఎక్కువైతే పూత అంత. మార్చి నుంచి జూన్ దాకా, ఎండ ముదిరేకొద్దీ పొద విరగబూస్తుంది. ఏడాది పొడుగునా నీళ్ళు పోసి గారాబం చేసిన మల్లె మాత్రం ఆకు మీద ఆకు వేసుకుని పచ్చగా కూర్చుంటుంది.

మన పెరటి పూలసాగు మొక్క ఎంపిక నుంచి తడి ఇచ్చే వేళ దాకా ఎండను లెక్కలో పెట్టుకునే నడిచింది. ఇప్పటి ఇళ్ళలో పూలమడి నిలవకపోవడానికి నీటి కొరత ఒక కారణం కావచ్చు. ఈ లెక్క మరిచిపోవడం అంతకంటే పెద్ద కారణం.

ముందు మొక్కల సంగతి. మల్లె, మందారం, నందివర్ధనం, గన్నేరు, నూరువరహాలు, బంతి, చంద్రకాంత, బిళ్ళగన్నేరు, నీడపట్టున కనకాంబరం. ఇవన్నీ తాతలనాటివే అనుకుంటాం. నిజానికి బంతి మెక్సికో నుంచి వచ్చింది, చంద్రకాంతది కూడా అమెరికా ఖండమే, బిళ్ళగన్నేరుది మడగాస్కర్ దీవి. మన పెరడు మొక్క పుట్టుక అడగలేదు, మే నెలను తట్టుకుంటుందా అని మాత్రమే చూసింది. నెగ్గినవాటిని దేవుడి గదిలోకీ జడలోకీ రానిచ్చింది. నర్సరీలో శీతాకాలం కళకళలాడే పెటూనియాలు మార్చి దాటితే ఉండవు. సరదాకి పెట్టుకోవచ్చు గానీ మడికి ఆధారం అవి కావు. గన్నేరు విషయంలో ఒక జాగ్రత్త: అది ఆకు నుంచి వేరు దాకా విషం. పసిపిల్లలూ పశువులూ తిరిగేచోట వద్దు.

ఎక్కడ ఏది నాటాలన్నది తర్వాతి ప్రశ్న. మొక్కను మాడ్చేది పడమటి ఎండ. అందుకే మందారం, గన్నేరు, పారిజాతం లాంటి ఎత్తైనవి పడమటి వైపు ఉంటే వాటి నీడ మధ్యాహ్నం నుంచి మిగతా మడి మీద పడుతుంది. పొద్దుటి ఎండ మాత్రమే తగిలే తూర్పు వైపు కనకాంబరానికి సరిపోతుంది. సిమెంటు ప్రహరీ పగలు తాగిన వేడిని రాత్రి వదులుతుంది, కాబట్టి గోడకు ఆనించి నాటకుండా అడుగున్నరైనా ఎడం ఉంచాలి. మడి ఎత్తుగా ఉండాలా, పల్లంగా ఉండాలా? వీడియోలు చూసి అందరూ ఇటుకలు పేర్చి ఎత్తు మడులు కడుతున్నారు. వాన దండిగా కురిసే కోనసీమలో వేరు కుళ్ళకుండా అది మంచిదే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడే అనంతపురంలో ఎత్తు మడి అంటే పొయ్యి మీద పెట్టిన పెనమే. అక్కడ నేలకంటే జానెడు లోతు చేసి చుట్టూ చిన్న గట్టు వేసిన పాదే సరైనది.

ఇక నీళ్ళు. రోజూ చెంబెడు చల్లితే పైమట్టి మాత్రమే తడిసి వేరు పైకి పాకుతుంది, ఎండకు దొరికిపోతుంది. కుండీల సంగతి వేరు గానీ, నేలలో కుదురుకున్న మొక్కకు మూడు నాలుగు రోజులకోసారి పాదు నిండా పెట్టే తడి వేరును లోపలికి లాగుతుంది. ఇసుక నేలైతే తొందరగా, నల్లరేగడైతే ఆలస్యంగా. తెల్లవారుజామున పోయడం ఉత్తమం. వేసవి పగలు గొట్టంలో మొదట వచ్చే నీళ్ళు చెయ్యి కాలేంత వేడిగా ఉంటాయి. వాటిని బకెట్లో పట్టి చల్లారాకే పోయాలి. పాత ఇళ్ళలో నూతిపళ్ళెం దగ్గర స్నానాల నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు కాలవకట్టి అరటి మొదలుకీ, పూలపాదులకీ పారేవి. వాడిన నీళ్ళతోనే సగం తోట బతికేది. ఇప్పటి డిటర్జెంట్ నీళ్ళు ఆ పనికి పనికిరావు గానీ బియ్యం, కూరలు కడిగిన నీళ్ళు, ఏసీ నుంచి కారే నీళ్ళు నిక్షేపంగా వాడొచ్చు. ఆర్వో యంత్రం వదిలే నీళ్ళలో లవణాలెక్కువ, రోజూ పోస్తే మట్టి చెడుతుంది.

పోసిన తడి నిలవాలంటే నేలను కప్పాలి. వాకిలి శుభ్రంగా ఊడ్చే అలవాటులో మనం ఎండుటాకును తగలబెడతాం. అదే ఆకును, కాకపోతే వరిగడ్డినో వేరుశనగ పొట్టునో మొదలుకు తగలకుండా మందంగా పరిస్తే మట్టి వేడెక్కదు, వానపాములు చేరతాయి. చెదల భయం ఉంటే కింద కాస్త వేపపిండి చల్లాలి.

పాతవాళ్ళు పనులన్నీ కార్తెలకు ముడిపెట్టారు. రోళ్ళు పగిలే రోహిణిలో కత్తెర, ఎరువు రెండూ ముట్టుకోరు. కత్తిరిస్తే వచ్చే లేతచిగురు మాడిపోతుంది. జూన్ 8 ప్రాంతంలో మృగశిర రాగానే నాట్లు. అప్పుడే చామంతి పిలకలు విడదీసి నాటాలి, నెల తర్వాత తలలు తుంచాలి, పక్కకొమ్మలు పెరుగుతాయి. చామంతిది చిత్రమైన స్వభావం. పగలు పొట్టిదై రాత్రి పొడుగైతేనే మొగ్గ వేస్తుంది. వీధిదీపం రాత్రంతా పడే చోట పెడితే ఆకు తప్ప పువ్వు కనిపించదు. ఎరువుల మీద ఖర్చు పెట్టేముందు ఆ దీపం వైపు ఒకసారి చూడండి. దసరాకు బంతి కావాలంటే జూలైలో గింజ చల్లాలి, సంక్రాంతి గొబ్బెమ్మలకైతే అక్టోబరులో. కనకాంబరం ఎదుగుదల లేక పసుపుబారి, పీకితే వేళ్ళ మీద బుడిపెలు కనిపించాయంటే అది నులిపురుగు పని. అదే చోట ఒక కారు బంతి వేస్తే సరి. బంతి వేళ్ళలోని పదార్థాలు ఆ పురుగును అణిచేస్తాయి.

ఇంటి పూలమడి విలువను డబ్బుల్లో చెప్పాలంటే శ్రావణ శుక్రవారం నాడు మూర మల్లెల ధర అడిగితే చాలు. ఆచారంలో దాగిన సాగు మెలకువ అంతకంటే గొప్పది. పూజకనో జడలోకనో బంతినీ కనకాంబరాన్నీ ఏ రోజుకారోజు కోసేస్తాం. గింజ కట్టే అవకాశం దొరక్క మొక్క మళ్ళీ మళ్ళీ పూస్తుంది. కోసినవి ఎక్కువైతే పక్కింటికి వెళ్ళేవి, తిరుగు దారిలో ఓ కొమ్మో పిలకో వచ్చేది. డబ్బు పెట్టకుండానే వీధి వీధంతా పూసిందంటే ఆ ఇచ్చిపుచ్చుకోవడం వల్లే. నందివర్ధనానికి కొమ్మ గుచ్చితే చాలు. మల్లెకైతే కొమ్మను వంచి మట్టిలో అంటు తొక్కి, వేరు పట్టాక కోసుకోవాలి.

కడియం నర్సరీల మొక్కలు ఇప్పుడు ప్రతి ఊరికీ లారీల్లో వస్తున్నాయి, ఏప్రిల్‌లో కూడా నిండుగా పూసి ఊరిస్తాయి. అవి నీడవలల కింద పెరిగినవి, మీ వాకిట్లో ఎండకు వారం తిరిగేసరికి వాడతాయి. డబ్బు దాచుకుని మృగశిర దాకా ఆగండి. ఈలోగా పాదులు తవ్వి, ఎరువు నింపి, మీ వీధిలో ఎవరింట మల్లె బాగా పూస్తోందో చూసి ఒక అంటు అడిగి పెట్టుకోండి.