గైడు వద్దన్నాడంటే వద్దు

మెల్‌బోర్న్‌లో ఉంటున్న మా మేనల్లుడు మొన్న ఫోన్ చేసి ఒకటే గొణుగుడు. టాస్మానియాలో ఫ్రాంక్లిన్ నది మీద రాఫ్టింగ్‌కి వెళ్లాడట. వానకి నీళ్లు పెరిగాయని గైడు రెండు రోజులు బండచాటున కూర్చోబెట్టేశాడట. "ఇంత డబ్బు పోసింది టీ తాగుతూ కూర్చోడానికా మామయ్యా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. గైడు చేయాల్సిన అసలు పని అదే కదా!

వాన పడితే ఆ నది గంటల్లో మారిపోతుంది. గ్రేట్ రవైన్ అనే ఇరుకు లోయలో చర్న్, థండరష్, కాల్‌డ్రన్ లాంటి ఉధృత ప్రవాహాలు వస్తాయి. రాఫ్టులో కూర్చున్నవాళ్లకి ముందున్న దూకుడు కనిపించదు, హోరు మాత్రమే వినిపిస్తుంది. అందుకే గైడు పైనే ఆపి, బండలెక్కి, నీళ్లు ఎటు తిరిగి ఏ రాయి కిందకి దూరుతున్నాయో చూసొస్తాడు. కుదరదనిపిస్తే సామాన్లు విప్పించి, నాచు పట్టిన రాళ్ల మీదుగా అందరిచేతా మోయిస్తాడు. "ఫార్వర్డ్" అని అరవడంలో కన్నా ఈ "వద్దు"లోనే అతని పనితనం ఉంది.

గైడును ఇలా వెనకేసుకొస్తున్నా, అసలు అడవి జోలికే మనుషులు పోకూడదన్నది నా పాత పాట. గోదావరి మీద పాపికొండలకు తిరిగే లాంచీల స్పీకర్ల హోరు గురించి ఇంతకుముందు అలాగే రాశాను. ఇవాళా అదే రాద్దామని కూర్చున్నాను. ఫ్రాంక్లిన్ చరిత్ర రాయనివ్వలేదు.

1976లో బాబ్ బ్రౌన్ అనే డాక్టరు, మిత్రుడు పాల్ స్మిత్‌తో కలిసి చిన్న రబ్బరు పడవల్లో ఆ నది దిగాడు. డికాషన్ రంగు నీళ్లు, ఒడ్డున వేల ఏళ్లు బతికే హ్యూవాన్ పైన్ చెట్లు. 1972లో పెడర్ సరస్సును ముంచేసిన జలవిద్యుత్ సంస్థ కన్ను ఇంకో ఆనకట్ట కోసం ఈ లోయ మీదా పడింది. చూసొచ్చిన బ్రౌన్ ఊరుకోలేదు. 1982 డిసెంబరులో ఆనకట్ట పనులను అడ్డుకునే నిరసనకారుల దిగ్బంధం మొదలైంది. యంత్రాలు తెచ్చే బార్జీలకు రబ్బరు పడవలే అడ్డం నిలిచాయి. వెయ్యి మందికి పైగా అరెస్టయ్యారు. పీటర్ డోంబ్రోవ్‌స్కిస్ తీసిన రాక్ ఐలాండ్ బెండ్ ఫోటో 1983 ఎన్నికల్లో పత్రికా ప్రకటన అయింది. ఆ జులై 1న, ఆనకట్టను ఆపే కేంద్ర చట్టం చెల్లుతుందని ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానం 4-3తో తేల్చింది.

నది దిగి చూసినవాళ్లే లేకపోతే దాని తరఫున అంతమంది అరెస్టయ్యేవాళ్లా? అందుకే అంటున్నాను, జనం వెళ్లాలి. డబ్బు కట్టయినా వెళ్లాలి. అక్కడ గైడ్లు తీసుకెళ్లే బృందాలు మలాన్ని కూడా డబ్బాల్లో బిగించి వెనక్కి తెస్తాయి. మన గోదావరి మీద టికెట్లు అమ్మేవాళ్లు కనీసం ప్లాస్టిక్ గ్లాసులైనా వెనక్కి తేవాలి, స్పీకర్లు ఒడ్డునే దించాలి. అంతవరకూ వాళ్లకి లైసెన్సు ఇవ్వొద్దు.