చిన్న పెట్టెకు రెండో కొలువు
థిన్ క్లయింట్ అంటే ఆఫీసుల్లో, కాల్ సెంటర్లలో బల్ల మీద ఉండే చిన్న కంప్యూటర్. అసలు పనంతా దూరాన సర్వర్ చేస్తుంది. ఇది దాన్ని తెర మీద చూపిస్తుంది, అంతే. సంస్థలు కొత్తవి కొన్నప్పుడు పాతవాటిని టోకున వదిలించుకుంటాయి. అలా సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కు వచ్చిన హెచ్‌పీ టీ620, డెల్ వైస్ 5070 వంటివాటికి ఇంట్లో మళ్లీ పని కల్పించడం నిజంగా మెచ్చదగిన నేర్పు.

ఆ నేర్పు కొనేటప్పుడే మొదలవుతుంది. అడాప్టర్ ఉందా, ర్యామ్ పెంచుకోవచ్చా, బయోస్‌కు పాస్‌వర్డ్ పెట్టి ఉందా అన్నవి ముందే చూడాలి. స్టోరేజీ పెట్టే ఎం.2 స్లాట్ సాటా రకమైతే ఎన్‌వీఎంఈ డ్రైవ్ పనిచేయదు. ఆ తర్వాత దుమ్ము దులిపి, ఎండిన థర్మల్ పేస్టు మార్చి, పెన్ డ్రైవ్‌తో డెబియన్ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తారు. కరెంటు పోయి వచ్చినప్పుడు దానంతటదే ఆన్ అయ్యేలా బయోస్‌లో అమర్చడం చాలామంది మరిచే పని. మంచి పనితనం అక్కడే తెలుస్తుంది.

ఇక ఆ పెట్టె పై-హోల్‌తో ప్రకటనలను ఆపుతుంది, జెల్లీఫిన్‌తో సినిమాలు అందిస్తుంది. ఫ్యాన్ లేదు కనుక చప్పుడూ లేదు. సగటున 10 వాట్లు వాడితే నెలంతా నడిచినా ఖర్చయ్యేది 7 యూనిట్ల పైచిలుకే. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు ఉన్నట్టు సెన్సర్లను నేరుగా కలిపే జీపీఐఓ పిన్నులు మాత్రం దీనికి ఉండవు. అందుకే తొట్టి నీటిమట్టం చూసే సెన్సర్‌ను ఈఎస్‌పీ32 బోర్డుకు కలిపి, వైఫై ద్వారా ఈ పెట్టెలో నడిచే హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్‌కు సమాచారం పంపిస్తారు.