కత్తి చేసినవాడి పేరు

మన పిల్లలు బడుల్లో ఇంగ్లీషులో చదువుకునే కథల్లో ఉత్తర యూరప్ వారి పురాణగాథలు తరచు కనిపిస్తాయి. కొండ కడుపులో కొలిమి పెట్టుకున్న మరుగుజ్జులు, వాళ్ళు చేసిన మాయకత్తులు. "మనకిలాంటివి లేవా?" అని పిల్లలు అడిగితే "ఎందుకు లేవు, పాతాళభైరవి చూడు, చందమామ సీరియళ్ళు చదువు" అని సరిపెట్టేస్తాం. ఆ జవాబు చాలదని మాకనిపిస్తుంది. రెండు వైపులా కత్తులున్న మాట నిజమే గాని, ఆ కత్తుల స్వభావం ఒకటి కాదు.

ముందు ఒక మాట. 'మరుగుజ్జు' అనగానే మనకు పొట్టితనం తడుతుంది. పాత నార్స్ గ్రంథాలు వాళ్ళ పొట్టితనాన్ని పెద్దగా పట్టించుకోలేదు. వాటికి ముఖ్యం వాళ్ళ పనితనం. ఐస్‌లాండ్ పండితుడు స్నోరి స్టుర్లుసన్ 1220 ప్రాంతాల్లో కూర్చిన ఎడ్డాలో ఓడిన్ ఈటె, థోర్ సమ్మెట, రెండూ వీళ్ళ చేతిపనులే. సమ్మెట పిడి పొట్టిగా ఎందుకుందో కూడా కథ చెబుతుంది. తిత్తి ఊదేవాడి కనురెప్పను లోకి అనే జిత్తులమారి ఈగై కుట్టాడట. కొలిమి దగ్గర కూర్చుని పని చూసినవాడికి గాని తట్టని వివరమిది.

ఇక హెర్వర్ కథలోని టిర్ఫింగ్ అనే కత్తి చూడండి. స్వఫర్లామి అనే రాజు ద్వాలిన్, దురిన్ అనే ఇద్దరు మరుగుజ్జులను పట్టుకుని, ప్రాణభయం పెట్టి కత్తి చేయించుకుంటాడు. తుప్పు పట్టదు, ఇనుమును గుడ్డలా కోస్తుంది. పనిలో వాళ్ళు ఏ లోపమూ చేయలేదు. కాని ఇచ్చేటప్పుడు శాపం కలిపి ఇచ్చారు: ఒర నుంచి తీసిన ప్రతిసారీ ఒకరి ప్రాణం తీస్తుంది, చివరకు రాజునూ బలిగొంటుంది. తరువాత హెర్వర్ అనే అమ్మాయి తండ్రి సమాధి దగ్గరికి వెళ్ళి, చనిపోయిన తండ్రినే లేపి ఆ కత్తి అడుగుతుంది. వద్దు, వంశం నాశనమవుతుందని అతను చెప్పినా వినదు. ఆమె కొడుకు ఆ కత్తితోనే తోడబుట్టినవాణ్ణి చంపుతాడు. మనవడి చేతిలో అతని సవతి తమ్ముడు చస్తాడు. జబర్దస్తీ చేసి తీసుకున్న పనికి మూడు తరాలు మూల్యం చెల్లించాయన్నమాట.

అన్నదమ్ముల పోరు మనకు కొత్త కాదు. పల్నాటి నలగామరాజు, మలిదేవరాజు సవతి సోదరులే. పన్నెండో శతాబ్దంలో కారెంపూడి యుద్ధం వాళ్ళ కోసమే జరిగింది. అయితే మన కథలో దోషం కత్తిది కాదు; కోడిపందెందీ, పంతాలదీ, రాజ్యాశదీ. మాల కులంలో పుట్టి బ్రహ్మనాయుడికి సేనాని అయిన కన్నమదాసు ఆయుధం గొప్పదంటే అది పట్టినవాడి వల్ల గొప్పది. అందుకే కార్తీక అమావాస్య మొదలు అయిదు రోజులు కారెంపూడిలో వీరుల ఆయుధాలకు ఈనాటికీ పూజ జరుగుతుంది. తప్పు మనిషి మీద పెట్టి, ఆయుధాన్ని స్మృతిచిహ్నంగా నిలుపుకోవడం మన కథలోని పరిణతి అని మేమనుకుంటాం.

కాని ఒక లోటు ఒప్పుకోవాలి. ఆ ఆయుధాలను కాచి కొట్టిన కమ్మరి ఎవరు? మన వీరగాథలు చెప్పవు. పురాణాల్లో విశ్వకర్మ ఉన్నాడు గాని ఆయన దేవతల ఆస్థానశిల్పి; ఆయన కష్టం మీద, కోపం మీద కథ నడవదు. నార్స్ కవి కొలిమి దగ్గర ఆగాడు, మనవాళ్ళు ఆగలేదు.

కథ మరచినదాన్ని చరిత్ర కొంత దాచింది. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసిన మూసల్లో ఉక్కు వండేవారు. దాన్ని కొనడానికి పర్షియా వర్తకులు ఆ పల్లెదాకా వచ్చి మకాం వేసేవారని హెన్రీ వోయ్‌సీ రాసిన వివరం 1832లో అచ్చయింది. అరబ్బులకు మేలైన కత్తి అంటే 'ముహన్నద్', హిందూదేశపు ఉక్కుది. ఇస్లాముకు ముందరి కవి తరఫా, అయినవాళ్ళు చేసే అన్యాయాన్ని చెప్పవలసి వచ్చినప్పుడు పోలికకు తెచ్చుకున్నది ఆ ముహన్నద్ కత్తినే! ఆ ఉక్కంతా మనదేనంటే గొప్పలు పోవడమే అవుతుంది. కన్నడ, తమిళ సీమల్లోనూ, సింహళంలోనూ ఈ కొలుములుండేవి. మన పాలు మాత్రం ఉంది.

మనం ఉంటున్న కువైట్‌లోనే అల్-సబా సేకరణలో హిందూదేశపు రత్నఖచితమైన బాకులు, కత్తులు ఉన్నాయి. అవి 1983లో నేషనల్ మ్యూజియంలో ప్రదర్శనకు వచ్చాయి. 1990 దురాక్రమణలో ఆ సేకరణ బాగ్దాదుకు తరలిపోయింది, తరువాత చాలావరకు తిరిగి వచ్చింది. అలాంటి బాకు ఎదుట నిలబడితే కన్ను ముందు పిడిమీది కెంపుల మీదికే పోతుంది. అలుగు మీద నీటి అలల్లా కనిపించే చారలు చూడండి. అరబ్బీలో దాన్ని 'జౌహర్' అంటారు. అది పూత కాదు, మూసలో పుట్టిన ఉక్కు గుణం. ఆ పనివాడి పేరు సాధారణంగా ఉండదు.

మరొకరి దేశంలో మరొకరి కోసం పనిచేసే మనకు ఈ మాట పట్టదా? ఇక్కడి భవనాల మీద కట్టించినవారి పేర్లుంటాయి, కట్టినవారివి ఉండవు. ఈసారి పిల్లలు అడిగితే టిర్ఫింగ్ కథా చెబుదాం, కన్నమదాసు కథా చెబుదాం. సెలవుల్లో ఆ వైపు వెళ్ళేవాళ్ళు కోనసముద్రం కూడా ఒకసారి చూపించి రండి.