ఆరు జీబీలో పదడుగుల బొమ్మ

చిలకలూరిపేటలో ఒక విత్తనాల దుకాణం ముందు 10 అడుగుల పొడవు, 6 అడుగుల ఎత్తున ఫ్లెక్సీ కట్టాలనుకుందాం. దాని మీద కల్లం నిండా ఆరబోసిన మిరపకాయలు, వాటిని కలియదిప్పుతున్న ఒక రైతక్క ఉండాలి. ఇంటర్నెట్టులో దొరికే ఫొటో చిన్నది, పైగా ఇంకొకరిది. దాన్నే సాగదీసి అచ్చేస్తే కాయల చోట ఎర్రటి మరకలు తేలతాయి. ఇప్పుడు అలాంటి బొమ్మను ఏఐతో ఇంట్లో కంప్యూటర్ మీదే పుట్టించుకోవచ్చు. కానీ మన ఇళ్ళలో, డీటీపీ షాపుల్లో ఉండే గ్రాఫిక్స్ కార్డుల మెమరీ 4 జీబీ, 6 జీబీ, మహా అయితే 8 జీబీ. పెద్ద సైజు అడగ్గానే మెమరీ చాలదని చెప్పి పని ఆగిపోతుంది. చాలామంది అక్కడే చేతులెత్తేసి లక్ష రూపాయల కార్డు ధరలు వాకబు చేస్తారు. ఆ అవసరం లేదని చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు లెక్క చూద్దాం. చేతిలో పట్టుకు చదివే పత్రికకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. రోడ్డు మీద నిలబడి చూసే ఫ్లెక్సీకి 40 చుక్కలున్నా సరిపోతుంది. అంటే 10 అడుగులకు 4800, 6 అడుగులకు 2880 పిక్సెళ్ళు. ఇలా బొమ్మలు పుట్టించే ఏఐ అయిన స్టేబుల్ డిఫ్యూజన్ తొలి నమూనాలు నేర్చుకున్న సైజు 512×512. ఈ రెండింటి మధ్య దూరాన్ని దాటడమే అసలు విద్య.

ఈ దూరాన్ని మన బ్యానర్ పెయింటర్లు ఎప్పుడో దాటారు. ఫ్లెక్సీలు రాకముందు సినిమా హాళ్ళ ముందు నిలిచిన కటౌట్లు, ఎన్నికల బ్యానర్లు చేత్తో వేసినవే. పెయింటర్ చేతిలో ఉండేది అరచేతిలో పట్టే ఫొటో. దాని మీద సమానంగా గళ్ళు గీసేవారు. గుడ్డ మీద సుద్దతో అన్నే గళ్ళు, పెద్దవి. ఏ గడిలో ఉన్నది ఆ గడిలోకే దించేవారు. పరంజా మీద నిలబడ్డ మనిషికి హీరో కనుబొమ్మ కనిపిస్తుందే తప్ప మొహం కనిపించదు. అయినా మొహం కుదిరేది. ఎందుకంటే పోలికంతా ఫొటో దగ్గరే తేలిపోయింది. గుడ్డ దగ్గర చేసేది గీత పక్క గడిలోకి ఎక్కడ దాటుతోందో చూసుకుంటూ వివరం నింపడమే. తక్కువ మెమరీతో పెద్ద బొమ్మ వేసే పద్ధతి కూడా అచ్చంగా ఇదే. బొమ్మ ఎలా ఉండాలో చిన్న సైజులో తేల్చుకోవాలి, పెంచేటప్పుడు గడిగడిగా నడవాలి, గడిలో ఉన్నంతసేపూ మొత్తాన్ని మరవకూడదు.

అసలు ఇంటి కంప్యూటర్‌కు ఈ పని ఎలా సాధ్యమైంది? జర్మనీలో రాబిన్ రాంబాక్, ఆయన సహచరులు చేసిన పరిశోధన మీద నిలబడి స్టేబుల్ డిఫ్యూజన్ 2022 ఆగస్టులో అందరికీ విడుదలైంది. అందులోని కీలకం, బొమ్మను పిక్సెళ్ళలో కాకుండా కుదించిన రూపంలో గీయడం. 512×512 రంగుల బొమ్మలో 7,86,432 అంకెలుంటాయి. దాన్ని 64×64 గళ్ళు, గడికి నాలుగు అంకెల చొప్పున కుదిస్తే మిగిలేవి 16,384. అంటే 48వ వంతు. దీన్ని లేటెంట్ అంటారు. గీత, రంగు, నీడ అన్నీ ఈ కుదించిన రూపంలోనే సిద్ధమై, చివర్లో ఒక్కసారి పిక్సెళ్ళుగా విప్పుకుంటాయి. విడుదలైన కొన్ని వారాల్లోనే ఔత్సాహికులు స్టేబుల్ డిఫ్యూజన్‌ను 4 జీబీ కార్డుల మీద నడిపించారు. వాళ్ళు చేసిన పొదుపుల్లో మొదటిది, నమూనాలోని ప్రతి అంకెనూ 32 బిట్లకు బదులు 16 బిట్లలో దాచడం. దాంతో 86 కోట్ల అంకెలున్న ప్రధాన భాగం 1.7 జీబీకి వచ్చింది.

మరి అంత పొదుపు చేశాక కూడా పెద్ద సైజు అడగ్గానే కార్డు ఎందుకు కూలబడుతుంది? లేటెంట్‌లోని ప్రతి గడీ మిగతా ప్రతి గడితోనూ సంబంధం చూసుకుంటుంది. 64×64లో గళ్ళు 4,096. జతలు 1 కోటి 67 లక్షల పైచిలుకు. బొమ్మ పొడవు, వెడల్పు రెట్టింపైతే జతలు 16 రెట్లై 26 కోట్లు దాటతాయి. బొమ్మ నాలుగింతలైతే పని పదహారింతలన్నమాట. 2022లోనే ట్రీ డావో బృందం తెచ్చిన ఫ్లాష్ అటెన్షన్ ఈ జతల పట్టికను మొత్తంగా మెమరీలో పరచకుండా ముక్కలుగా లెక్కగట్టింది. ఫలితం అదే, చోటు మాత్రం చాలా తక్కువ. ఇప్పటి కంఫీయూఐ, ఫోర్జ్ లాంటి సాఫ్ట్‌వేర్లలో ఈ తరహా పొదుపు మనం అడక్కుండానే పనిచేస్తుంది.

మెమరీ ఉన్నా సరే, నేరుగా పెద్ద సైజు అడగకూడదు. 512లో నేర్చుకున్న నమూనాను 1536 అడిగితే ఒక ఒంగోలు గిత్తకు రెండు మూపురాలు మొలుస్తాయి, మనిషి నడుము దగ్గర ఇంకో మనిషి మొదలవుతాడు. అంత విశాలమైన చోటును దానికి ఒకే బొమ్మగా చూడటం రాదు. అందుకే మన ఫ్లెక్సీకి 640×384తో మొదలుపెట్టాలి. నిష్పత్తి సరిగ్గా పది–ఆరు. చిన్న బొమ్మ త్వరగా వస్తుంది కాబట్టి ఇక్కడే విసుగు లేకుండా పదే పదే వేయించి, కల్లం ఏ పక్క ఉండాలి, మనిషి ఎక్కడ నిలబడాలి, ఎండ ఎటు నుంచి పడాలి అన్నది తేల్చుకోవాలి. నచ్చిన బొమ్మను 1280×768కి పెంచి మళ్ళీ గీయించాలి. తర్వాత గడిగడిగా 2560×1536.

ఇక్కడే బొమ్మ బాగుపడేదీ, చెడిపోయేదీ. మళ్ళీ గీయించేటప్పుడు డీనాయిజ్ అనే అంకె ఉంటుంది. సున్నా అంటే ఉన్నది ఉన్నట్టు, ఒకటి అంటే పూర్తిగా కొత్త బొమ్మ. గళ్ళుగా విడగొట్టాక కూడా ప్రతి గడికీ ‘కల్లంలో మిరపకాయలు కలియదిప్పుతున్న స్త్రీ’ అని మనం మొదట ఇచ్చిన వాక్యమే అందుతుంది. ఆ అంకె 0.5, 0.6 ఉంటే ప్రతి గడిలోనూ, మిరపకాయల మధ్యలో, ఆకాశంలో సైతం ఒక బుల్లి స్త్రీ ప్రత్యక్షమవుతుంది. అంకెను 0.2కూ 0.35కూ మధ్య ఉంచి, వాక్యంలోంచి మనిషిని తీసేసి ‘ఎండుమిరపకాయలు, స్పష్టమైన వివరం’ అని మాత్రం ఉంచితే బెడద పోతుంది. గీతను అదుపు చేసేందుకు 2023లో వచ్చిన కంట్రోల్‌నెట్‌లో టైల్ అనే రకం ఇంకా మేలు. అది గడిలో అప్పటికే ఉన్నదాన్ని గుర్తుచేస్తూ చెయ్యి పట్టి నడిపిస్తుంది. గళ్ళు ఒకదాని మీదికి ఒకటి 64 పిక్సెళ్ళైనా ఎక్కాలి, లేకపోతే అతుకులు కనిపిస్తాయి. మల్టీడిఫ్యూజన్ పద్ధతిలోనైతే ఆ ఎక్కిన మేర రెండు గళ్ళ ఫలితాన్నీ గీసే ప్రతి దశలోనూ సగటు చేస్తారు. అతుకు పుట్టే సందు దాదాపు ఉండదు.

అంతా అయ్యాక, చిట్టచివర, లేటెంట్‌ను పిక్సెళ్ళుగా విప్పేటప్పుడు మెమరీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఎంతోసేపు గీసిన బొమ్మ గుమ్మం దగ్గర పోతుంది. దీనికీ మందు గళ్ళే: విప్పే భాగం పేరు వీఏఈ, ఆ పనిని కూడా టైల్డ్ వీఏఈతో ముక్కలుగా చేయించాలి. స్టేబుల్ డిఫ్యూజన్ తర్వాతి నమూనా ఎస్‌డీఎక్స్‌ఎల్ వాడేవారికి మొత్తం నల్లటి బొమ్మ వస్తే అది కార్డు దోషం కాదు. దాని వీఏఈ 16 బిట్లలో తడబడుతుంది. సరిచేసిన వీఏఈ ఉచితంగా దొరుకుతుంది. ఇక 2560 నుంచి 4800కు మళ్ళీ గీయించనక్కర్లేదు, రియల్ ఈఎస్‌ఆర్‌గాన్ అనే సాధనంతో పెంచితే చాలు.

పెద్ద నమూనాలూ చిన్న కార్డుల్లోకి వస్తున్నాయి. 2024 ఆగస్టులో వచ్చిన ఫ్లక్స్‌లో 1200 కోట్ల అంకెలు. 16 బిట్లలో 24 జీబీ. 4 బిట్లకు కుదిస్తే సుమారు 6 జీబీ. కొంత నాణ్యత పోతుంది, ఫ్లెక్సీ దూరం నుంచి చూస్తే తెలియదు. కొత్తగా కార్డు కొనేవారికి నా మాట ఒకటే: వేగం చూడకండి, మెమరీ చూడండి. 12 జీబీల ఆర్‌టీఎక్స్ 3060 నిదానంగానైనా పని ముగిస్తుంది. మెమరీ చాలని కార్డు ఎంత వేగమైనదైనా అసలు మొదలే పెట్టదు.

ఇంత తంటా పడి సొంత యంత్రం మీదే ఎందుకు చేయాలంటే, నా దృష్టిలో అసలు కారణం డబ్బు కాదు. ఈ నమూనాలు నేర్చుకున్నది ఎక్కువగా ఇంగ్లీషు వ్యాఖ్యలున్న ఫొటోల నుంచి. వాటికి మిరపకాయంటే ఏదో ఒక మిరపకాయ. సన్నగా, పొట్టిగా ఉండే తేజకూ, ముడతలు పడే బ్యాడిగికీ తేడా తెలియదు. తేజ విత్తనాల బోర్డు మీద బ్యాడిగి కాయ పడితే గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు తోలే రైతు ఆ దుకాణం గుమ్మం తొక్కడు. విచ్చిన పత్తికాయలో దూది అరలరలుగా ఉంటుందని కూడా వాటికి పట్టదు, మబ్బుతునకలాంటి ముద్ద పెడతాయి. దీన్ని దిద్దే దారి సొంత యంత్రం మీద మన చేతుల్లోనే ఉంది. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2021లో ప్రకటించిన లోరా పద్ధతిలో, నమూనా మొత్తాన్ని కదిలించకుండా పక్కన చిన్న దిద్దుబాటు ఫైలును తయారుచేస్తారు. మన కల్లంలో, మన చేలో తీసిన పాతిక ముప్ఫై మంచి ఫొటోలు చాలు. స్టేబుల్ డిఫ్యూజన్ తొలి నమూనాలకైతే 8 జీబీ కార్డు సరిపోతుంది. ముచ్చికలు తీసే అమ్మల ఫొటోలు వాడదలిస్తే ముందు వాళ్ళనడిగి ఒప్పించుకోవాలి. ఆ ఫొటోలు ఇల్లు దాటకుండా ఉండటం కూడా సొంత యంత్రం ఇచ్చే భరోసాయే.

మేలో రెంటచింతల వైపు ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో ల్యాప్‌టాప్‌ మీద పగలు ఈ పని పెట్టుకోకండి. వేడెక్కి వేగం పడిపోతుంది. రాత్రి చేయండి, ప్రతి దశలో బొమ్మను దాచుకోండి, కరెంటు పోయినా మొదటికి రారు.

తెలుగు అక్షరాలు మాత్రం ఈ నమూనాలతో రాయించవద్దు. వత్తులు, గుణింతాలు కలగాపులగం అవుతాయి. చోటు ఖాళీగా ఉంచి, చివర్లో ఇంక్‌స్కేప్‌లోనో కోరల్‌డ్రాలోనో ఫాంటుతో పెట్టాలి. ఆ తర్వాత ఎరుపు సంగతి. తెర మీద నిగనిగలాడే మిరప ఎరుపు, అచ్చు యంత్రంలోని నాలుగు సిరాలతో అంత ప్రకాశంగా రాదు, ఇటుక రంగుకు దిగుతుంది. షాపులో మొత్తం ఫ్లెక్సీ ఒక్కసారే వేయించకుండా, కాయలున్న చోటు నుంచి అడుగు ముక్క ముందు వేయించి, బయట ఎండలో ఎండుకాయ పక్కన పెట్టి చూసుకుని, పసుపును రెండు మూడు పాళ్ళు అటూ ఇటూ మార్పించండి.